ఆరేదాకా ఆగగలిగినవాడు

మా నాన్న లెక్కలో కాఫీ అంటే ఒకటే: చికోరీ కలిసిన పొడి, చిక్కటి గేదె పాలు, రెండు చెంచాల పంచదార. కిందటేడు హైదరాబాద్ వచ్చినప్పుడు ఆయన్ని మా ఆఫీసు పక్కనున్న కేఫ్‌కి తీసుకెళ్ళాను. కాస్త గొప్ప చూపిద్దామన్న సరదా కూడా లేకపోలేదు. బోర్డు మీద "ఇండోనేసియా, ఫ్లోరెస్, నేచురల్" అని రాసుంది. కప్పు 320 రూపాయలు. పాలు పోయరు, పంచదార అడిగితే జాలిగా చూస్తారు.

నాన్న గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "పనసతొనల వాసనొస్తోందిరా, కొంచెం పులిసినట్టుంది" అన్నారు. అక్కడి కుర్రాడు సంబరపడిపోయాడు, సరిగ్గా ఆ రుచి కోసమే ఇంత ధర అని. నేను వివరించాను: మామూలుగా కాఫీ పండు తొక్క వొలిచి, గింజని కడిగి ఆరబెడతారు. నేచురల్ అంటే కడగరు. పండుని పండుగానే మూడు నాలుగు వారాలు ఎండలో ఆరనిస్తారు. గుజ్జు గింజని అంటిపెట్టుకునే ఆరుతుంది, లోపల మెల్లగా పులుస్తుంది. ఈ వాసన అట్లా వస్తుంది.

"అంటే ఎండబెట్టడమేగా" అన్నారు నాన్న. హంసలదీవిలో యాభై ఏళ్ళు వరీ మినుమూ ఆరబెట్టిన మనిషి. ఒక గుక్క తాగి, గ్లాసు పక్కన పెట్టేసి అడిగారు: "నెల రోజుల్లో వానొస్తేనో? ఆ నెలంతా వాడింట్లో ఖర్చులకి డబ్బులెవరిస్తారు?"

కుర్రాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు కాఫీ చరిత్ర చదివింది ఆ రెండు ప్రశ్నల కోసమే. చదివేకొద్దీ దారి మా ఊరి వైపే తిరగడం నేను ఊహించలేదు.

* * *

బందరు వెళ్ళినవాళ్ళకి వలందపాలెం తెలుసు. పరాసుపేట, ఇంగ్లీషుపాలెం కూడా తెలుసు. ఆటోవాళ్ళు రోజుకి వందసార్లు పలికే ఈ పేర్లలో మూడు దేశాల కంపెనీలున్నాయి. పరాసులంటే ఫ్రెంచివాళ్ళు, వలందులంటే హాలండువాళ్ళు. 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ మూడేళ్ళకే, 1605లో, మచిలీపట్నంలో దిగింది. మరుసటేడు పెతపోలిలో, అంటే ఇవాళ్టి నిజాంపట్నంలో, ఇంకో కొఠీ పెట్టుకుంది. ఆ వర్తకుల సమాధులు ఇప్పటికీ బందర్లో ఉన్నాయి, రాళ్ళ మీద వంశ చిహ్నాలతో, డచ్చి రాతలతో. పురావస్తు శాఖ బోర్డొకటి కాపలా కాస్తుంటుంది.

వాళ్ళు ఇక్కడికి బంగారం కోసమో వజ్రాల కోసమో వచ్చారనుకుంటాం. వజ్రాలూ కొన్నారు గానీ అసలు పని బట్ట. వాళ్ళకి కావలసిన జాజికాయ, జాపత్రి, లవంగం పండేది ఇండోనేసియా దీవుల్లో. అక్కడివాళ్ళకి ఐరోపా ఉన్ని బట్టతో పనిలేదు. వాళ్ళు అడిగింది కోరమాండల్ తీరపు నూలుబట్ట, ముఖ్యంగా రంగు నిలిచే అద్దకం. మన బట్ట లేకపోతే డచ్చివాళ్ళకి లవంగం లేదు. ఓడలు ఇక్కడ బట్టలెత్తుకుని అక్కడ మసాలాలు దింపుకునేవి. బట్టే డబ్బు.

ఆ అద్దకంలో ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. చిన్న మొక్క, పొడుగాటి సన్నటి వేరు, ఇసుక నేలలో పెరుగుతుంది. కృష్ణ సముద్రంలో కలిసేచోట, గవ్వల సున్నం కలిసిన ఇసుకలో పండిన వేరు మేలు రకమని 17వ శతాబ్దపు ఐరోపా వర్తకులు రాసిపెట్టుకున్నారు. గవ్వల సున్నం కలిసిన ఇసుకంటే మా దివిసీమ ఇసుకే. చిన్నప్పుడు పాలకాయతిప్ప దగ్గర కాళ్ళకి గుచ్చుకునే గవ్వముక్కల్ని తిట్టుకునేవాణ్ణి. అవి ఒకప్పుడు జావా పెళ్ళికూతుళ్ళ చీరంచుల ఎరుపులో పనిచేశాయని తెలిశాక తిట్టడం మానేశాను.

సులవేసీ దీవిలో తొరాజా అనే కొండ ప్రాంతం ఉంది. కాఫీ పిచ్చివాళ్ళకి ఆ పేరు బాగా తెలుసు. తొరాజా కుటుంబాలు కొన్ని పాత బట్టల్ని 'మావా' అని పిలిచి తరతరాలుగా దాచుకుంటాయి. ఇళ్ళల్లో శుభాశుభాలకి మాత్రమే బయటికి తీస్తారు. వాటిల్లో కోరమాండల్ తీరంలో అద్దినవీ ఉన్నాయి. వాళ్ళ కాఫీ మన నగరాల కేఫ్‌లకి వస్తుంది. మన బట్ట వాళ్ళ పెట్టెల్లో పూజలందుకుంటోంది. నేసినవాడి పేరు అక్కడ లేదు, పండించినవాడి పేరు ఇక్కడ లేదు.

* * *

ఒక మాట ముందే చెప్పాలి. కాఫీ మొక్క బందరు రేవు నుంచి జావాకి వెళ్ళలేదు. మన ఊళ్ళ గురించి రాసేటప్పుడు అన్నీ మననుంచే వెళ్ళాయనే ఉత్సాహం వస్తుంది, నాకూ వచ్చింది. కానీ నిజం వేరు. బందరు ఓడలకి కాఫీ రేవు మోఖా తెలుసు, అంతవరకే. కుతుబ్‌షాహీల కాలంలో హజ్ యాత్రికులతో, బియ్యంతో, బట్టలతో ఇక్కణ్ణుంచి ఎర్రసముద్రానికి ఓడలు వెళ్ళేవి. మొక్క దారి మాత్రం పడమటి తీరం. బాబా బుడన్ యెమెన్ నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల మీద నాటాడని ఐతిహ్యం. 1696లో డచ్చివాళ్ళు మలబారు నుంచి మొక్కల్ని బటావియాకి, అంటే ఇవాళ్టి జకార్తాకి పంపారు. ఆ మొక్కలు నిలవలేదు. 1699లో మళ్ళీ పంపితే నిలిచాయి. 1711లో జావా కాఫీ మొదటిసారి ఆమ్‌స్టర్‌డామ్‌కి చేరింది, వెయ్యి పౌన్లకు లోపే. పదిహేనేళ్ళు తిరిగేసరికి లెక్క లక్షల పౌన్లలోకి వెళ్ళిపోయింది.

మొక్క దారి వేరైనా కంపెనీ ఒకటే. కొనే పద్ధతీ ఇంచుమించు ఒకటే. బందరు చుట్టుపక్కల నేతగాడికి మధ్యవర్తి ద్వారా ముందు బయానా వచ్చేది. ఎన్ని మూరలు, ఏ పోగు, ఏ అద్దకం అన్నది కంపెనీ నమూనా పంపి చెప్పేది. బయానా తీసుకున్నాక ఇంకొకరికి అమ్మడానికి లేదు. జావా పడమటి కొండల్లో, ప్రియాంగన్ ప్రాంతంలో, ఇదే పని ఇంకా మోటుగా జరిగింది. అక్కడ బయానా కూడా లేదు. స్థానిక పాలకుల చేత ఊళ్ళమీద కాఫీ చెట్లు మోపించారు. పండినదంతా కంపెనీ గోదాముకే, కంపెనీ చెప్పిన ధరకే.

ఈ చరిత్రలో నన్ను ఆపేసిన వివరం తూకం. అక్కడి తూకం పేరు పికుల్. మామూలుగా సుమారు 125 పౌన్లు. కానీ కొండ మీద రైతు దగ్గర కొలిచే పికుల్ వేరు, అది 200 పౌన్లు దాటేది. అదేమంటే సాకు సిద్ధంగా ఉంది: గింజ ఇంకా పచ్చిగా ఉంది, ఆరితే తరుగు పోతుంది, దారిలో తరుగు పోతుంది. రైతు రెండొందలు పోస్తే కంపెనీ పుస్తకంలో 125 ఎక్కేది. మధ్యలోది దొరలూ, గుమాస్తాలూ, స్థానిక పాలకులూ పంచుకునేవాళ్ళు.

ఇది చదువుతున్నప్పుడు నాన్నకి ఫోన్ చేశాను. "తరుగా? మనకీ అంతేగా" అన్నారు తాపీగా. ధాన్యం అమ్మే ప్రతి రైతుకీ ఆ మాట తెలుసు. ప్రభుత్వం చెప్పిన లెక్క 17 శాతం తేమ. కాటా దగ్గరికెళ్ళాక తేమ మిషను ఒకచోట ఒకటి చూపిస్తుంది, ఇంకోచోట ఇంకోటి. బస్తాకి ఇంత అని కోసేస్తారు. మూడొందల ఏళ్ళ దూరంలో, సముద్రానికి అటూ ఇటూ, రైతుని కోసే కత్తికి ఒకటే పేరు ఉండటం నాకు వింతగా అనిపించింది. నాన్నకి అనిపించలేదు.

1799లో కంపెనీ దివాలా తీసి పోయింది. జావా డచ్చి ప్రభుత్వం చేతికొచ్చింది. 1830లో గవర్నర్ జనరల్ వాన్ డెన్ బోష్ నిర్బంధ సాగు పద్ధతి పెట్టాడు. ఊరు తన భూమిలో కొంత భాగం, తన శ్రమలో కొంత భాగం ఎగుమతి పంటకివ్వాలి. చెరకు, నీలిమందు, అన్నిటికన్నా లాభసాటిగా కాఫీ. ఒక్కో కుటుంబం వందల చెట్లు సాకాలి. 1850లకి డచ్చి ప్రభుత్వ ఆదాయంలో సుమారు మూడో వంతు ఇక్కణ్ణుంచే వెళ్ళింది. వాళ్ళ రైలు మార్గాలకి, వాళ్ళ అప్పులు తీరడానికి జావా రైతు డబ్బు కట్టాడు.

సాహిత్యం చదివేవాళ్ళకి ఇక్కడొక పుస్తకం గుర్తు చేయాలి. జావాలో ఉద్యోగం చేసి, అన్యాయం మీద ఫిర్యాదు చేసి, ఎవరూ వినకపోతే రాజీనామా ఇచ్చిన ఎడ్వర్డ్ డౌవెస్ డెక్కర్, 'ముల్తతూలి' అనే కలం పేరుతో 1860లో 'మాక్స్ హావెలార్' నవల రాశాడు. అందులో కథ మొదలుపెట్టేది ఆమ్‌స్టర్‌డామ్ కాఫీ దళారి ఒకడు. వాడికి కాఫీ ధర తప్ప ఏదీ పట్టదు. జావా రైతు కష్టాన్ని ఆ దళారి విసుగు మధ్యలోంచి చదివించడంలోనే ఆ నవల దెబ్బంతా ఉంది. కేఫ్‌లో 320 రూపాయల కప్పు ముందు పెట్టుకుని చదివితే ఆ దళారి ఎదురు కుర్చీలో కూర్చున్నట్టుంటుంది. కొన్నిసార్లు ఎదురుగా కాదు, మన కుర్చీలోనే.

సుమత్రా పడమటి కొండల్లో కాఫీ ఆకుల్ని కాల్చి కాచుకునే 'కావా దావున్' అనే పానీయం ఇప్పటికీ ఉంది. గింజలన్నీ దొరల గోదాముకి పోతే మిగిలింది ఆకులే కాబట్టి ఆ అలవాటు వచ్చిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు.

* * *

ఇప్పుడు 'నేచురల్' దగ్గరికి వద్దాం. ఆ మాట వింటే ఏదో కొత్త ప్రయోగంలా ఉంటుంది గానీ కాఫీ ఆరబెట్టడంలో అన్నిటికన్నా పాతది ఇదే. యెమెన్‌లో ఇళ్ళ కప్పుల మీద పండ్లు పోసి ఎండబెట్టేవాళ్ళు. నీళ్ళు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. జావా డచ్చివాళ్ళ లెక్కల్లో దీని పేరు 'మామూలు తయారీ'. తొక్క తీసి, పులియబెట్టి, కడిగి ఆరబెట్టేదానికి 'వెస్టిండియా తయారీ' అని పేరు. కడిగినదానికి పెట్టుబడి, తొట్లు, యంత్రాలు కావాలి, అంచేత అది ఎస్టేటువాళ్ళది. మామూలుది ఊరివాళ్ళది. ధరలోనూ గౌరవంలోనూ కడిగినదే పైన ఉండేది.

ఆ తర్వాత 19వ శతాబ్దం చివర్లో ఆకు తుప్పు తెగులొచ్చి అరబికా తోటల్ని ఊడ్చేసింది. 1869లో సింహళంలో మొదలై ఇండోనేసియా దీవులకూ పాకింది. 1900 ప్రాంతాల్లో రోబస్టా వచ్చాక మళ్ళీ కోలుకున్నారు. ఎస్టేట్లు వెనక్కి తగ్గాయి, చిన్న కమతాలు ముందుకొచ్చాయి. ఇవాళ ఇండోనేసియా కాఫీలో తొంభై శాతం పైగా హెక్టారూ రెండు హెక్టార్ల రైతులదే.

వాళ్ళకున్న పెద్ద చిక్కు మా నాన్న అడిగినదే: వాన. సుమత్రా కొండల్లో మబ్బు ఎప్పుడు పడుతుందో తెలియదు. అందుకే అక్కడ 'గిలింగ్ బసా' అనే పద్ధతి పుట్టింది, తడిగా దంచడం అని అర్థం. రైతు పండు వొలిచి, ఒక రాత్రి నానబెట్టి కడిగి, ఒకటి రెండ్రోజులు ఆరనిచ్చి, పచ్చిగానే సంతలో అమ్మేస్తాడు. కొన్నవాడు పచ్చి గింజకే పైపొర తీసేసి, తన కళ్ళంలో మిగతా ఆరబెట్టుకుంటాడు. సుమత్రా కాఫీకున్న మట్టి వాసన, ఆ బరువైన రుచి ఇందులోంచే వచ్చాయి. రుచిని బట్టి ఎవరూ ఈ పద్ధతి ఎంచుకోలేదు. రైతుకి ఆ వారమే డబ్బు కావాలి, అంతే.

నేచురల్ దీనికి సరిగ్గా ఎదురు. ఎర్రగా పండినవే కోయాలి, ఒకే చెట్టు దగ్గరికి నాలుగైదుసార్లు తిరగాలి. కోసినవి నీళ్ళల్లో పోసి తేలినవాటిని తీసేయాలి. నేలకి ఎత్తుగా కట్టిన వల మంచాల మీద పల్చగా పరవాలి. రోజుకి ఎన్నోసార్లు తిరగేయాలి, రాత్రికి కప్పాలి, మబ్బేస్తే పరుగెత్తాలి. తేమ 11, 12 శాతానికి దిగి, చేతిలో ఆడిస్తే లోపల గింజ గలగలమనే దాకా మూడు నాలుగు వారాలు. ఐదారు కిలోల పండుకి ఒక కిలో గింజ. మధ్యలో బూజు పట్టినా, మరీ పులిసినా మొత్తం పోయినట్టే. నెగ్గితే ధర మామూలు కన్నా చాలా ఎక్కువ. కానీ నెగ్గేదాకా చేతికి రూపాయి రాదు.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాడిగా నాకు జీతం ఒకటో తారీఖు వస్తుంది. నేను రాసిన కోడ్ పనికొచ్చిందా లేదా అన్నది నెల తర్వాత తేలుతుంది, జీతం మాత్రం ఆగదు. నేచురల్ చేసే రైతుకి ఇది తలకిందులు. రుచి, నాణ్యత అని మనం పిలిచేదాంట్లో సగం ఈ ఆగగలగడమే అని అప్పుడు అర్థమైంది.

* * *

2022 డిసెంబరులో అరకు వెళ్ళాను. బొర్రా గుహలు, వెదురు చికెన్ అన్నీ అయ్యాక స్నేహితుడొకడు దారికి దూరంగా ఉన్న ఒక ఊరికి తీసుకెళ్ళాడు. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఓక్ చెట్లకి మిరియాల తీగ. కుటుంబానికి ఎకరమో రెండెకరాలో. ఆ ఇంటి ముందు మట్టినేల మీద కాఫీ పండ్లు ఆరబోసి ఉన్నాయి. నల్లబడి, ముడుచుకుపోయి, పైన కోళ్ళు తిరుగుతూ.

మన రాష్ట్రంలో కాఫీ కథ కూడా తెల్లదొరలతోనే మొదలైంది. 1898లో తూర్పుగోదావరి ఏజెన్సీ పాములేరు లోయలో ఒక తెల్ల అధికారి నాటించాడు, 1920లకి అరకు, చింతపల్లి వైపు పాకింది. స్వాతంత్ర్యం తర్వాత అటవీశాఖ తోటలు వేసింది. గిరిజనుల సొంత కమతాల్లోకి కాఫీ వచ్చింది ఐటీడీఏ పథకాలతో, పోడుకి బదులుగా. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ కొంటుంది, షావుకార్లూ కొంటారు. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కేఫ్ తెరిచారు, 2019లో అరకు లోయ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇక్కడా పాత వరసే కనిపించింది. కడిగి ఆరబెట్టిన పార్చిమెంటుకి ధర ఎక్కువ, ఇంటిముందు ఎండబెట్టిన చెర్రీకి తక్కువ. నాలుగు ఊళ్ళ అవతల, ఎత్తు మంచాల మీద జాగ్రత్తగా ఎండబెట్టిన అదే చెర్రీకి 'నేచురల్' అని పేరు, అన్నిటికన్నా పై ధర. రెండూ పండుతో సహా ఆరినవే. తేడా ఎక్కడుంది? మంచం, వల, తిరగేసే చేతులు, నెల రోజుల ఇంటి ఖర్చు. ఆ ఖర్చు పెట్టగల సంఘమో సంస్థో వెనకుంటే అది నేచురల్. లేకపోతే వట్టి చెర్రీ.

ఆ ఇంటావిడ మాకు రాగి అంబలి ఇచ్చింది. కాఫీ తాగరా అని అడిగితే నవ్వి, "అది అమ్మడానికి కదా" అంది. నాకు సుమత్రా కాఫీ ఆకులు గుర్తొచ్చాయి. అయితే ఒక తేడా చెప్పాలి. ఆవిణ్ణి ఎవరూ బలవంతపెట్టలేదు, భూమి ఆవిడదే, ఎవరికి అమ్మాలన్నది ఆవిడ ఇష్టం. జావా పికుల్ నుంచి అరకు సంత దాకా వచ్చిన దూరం తక్కువేమీ కాదు. ఆగడానికి మాత్రం ఆవిడకి ఇంకా వెసులుబాటు లేదు. శనివారం సంతకి డబ్బు కావాలి.

* * *

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా చేలో కోసిన వరి పనల మీదే ఉంది. అంతకు వారం ముందే ఒక వ్యాపారి వచ్చి, పచ్చి ధాన్యం చేలోనే కాటా వేసుకుంటానన్నాడు, తక్కువ ధరకి. పక్క చేనువాళ్ళు ఇచ్చేశారు. నాన్న ఇవ్వలేదు. పట్టాలేసి ఆరబెట్టి అమ్ముదామన్నారు. నా జీతముంది కదా అన్న ధైర్యమే అది. ధాన్యం మొలకెత్తింది. ఆగగలిగిన స్తోమతున్నా ఆకాశం ఒప్పుకోవాలి. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెనలో తన వాళ్ళని పోగొట్టుకున్న మా నాయనమ్మ బతికున్నంత కాలం కార్తీకం వెళ్ళేదాకా ఇంట్లో ఏ గింజనీ ఆరుబయట ఉంచనిచ్చేది కాదు.

కిందటి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాన్నా నేనూ సాగరసంగమం దాకా నడిచాం. అందరి పాపాలూ మోసి నల్ల కాకైపోయిన గంగ ఇక్కడ మునిగి హంసగా లేచిందని మా ఊరి కథ. దారిలో పల్లెకారులు చేపలు ఎండబెడుతున్నారు. నెత్తళ్ళు కొన్ని నేరుగా ఇసుక మీద, కొన్ని కర్రలకి కట్టిన వలల మీద ఎత్తుగా. వల మీదవాటికి ఇసుక అంటదు, కింద నుంచి గాలాడుతుంది, ధర బాగా వస్తుందట. మరి అన్నీ వల మీదే ఎందుకు వేయరని అడిగాను.

తిరగేస్తున్నావిడ తలెత్తకుండానే చెప్పింది: "వల మీయి ఆరటానికి ఇంకో రోజు పడతయ్యి బాబూ. ఇసక మీయి సాయంత్రానికి ఎత్తుకెళ్తారు."

నాన్న నా వైపు చూశారు. కేఫ్‌లో ఆ రోజు అడిగిన ప్రశ్న ఆయనకి గుర్తుందో లేదో తెలీదు. "ఇంటికెళ్ళి కాఫీ తాగుదాం పద, పాలు పోసింది" అన్నారు.